అరవై ఒక్క మాటలు

దీవెనకు కోపం ఎక్కువని ఆమెను ఎరిగినవాళ్ళందరూ అంటారు. ఎందుకంత కోపమని అడిగినవాళ్ళు మాత్రం బహు తక్కువ. విజయవాడ గవర్నరుపేటలో ఒక జిరాక్స్ షాపు పైన రెండు గదుల ఆఫీసు ఆమెది. పేపర్లో, టీవీలో, ఫోన్లో కులం పేరుతో మనుషుల్ని ఎలా తొక్కుతున్నారో ఒక్కొక్కటీ రాసిపెట్టడం, రాసినదాన్ని పట్టుకెళ్ళి కంపెనీలవాళ్ళ ముందూ కమిటీల ముందూ పడెయ్యడం, ఇదీ పదేళ్ళుగా ఆమె చేస్తున్న పని. విజిటింగ్ కార్డు మీద 'మీడియా, టెక్నాలజీ విధానాల పరిశీలకురాలు' అని ఉంటుంది. తల్లి అమలమ్మ అంత పొడుగు మాట పలకదు. ఎవరైనా అడిగితే "మా అమ్మాయి కంప్యూటర్లతో తగాదా పెట్టుకుంటదండి" అంటుంది. కార్డు మీద ఉన్నదానికంటే ఇదే నిజానికి దగ్గర.

పుట్టింది పామర్రు దగ్గర ఒక దళితపేటలో. తండ్రి ఇశ్రాయేలు వారమంతా ఊడ్పులకూ కోతలకూ పోయి, ఆదివారం చర్చిలో బైబిలు పైకి చదివే మనిషి. చదివేది ఏదైనా గట్టిగా, తప్పుల్లేకుండా చదవాలన్నది ఆయన దగ్గరే నేర్చుకుంది. జర్నలిజం పూర్తిచేసి ఒక దినపత్రిక విజయవాడ ఆఫీసులో సబ్ ఎడిటరుగా చేరింది. ఊళ్ళ నుంచి కంట్రిబ్యూటర్లు పంపే వార్తల్ని దిద్ది జిల్లా పేజీలో పెట్టాలి. చేరిన రెండో నెలలోనే ఒక వార్త వచ్చింది. పేటలో పెళ్ళికొడుకు ఊరేగింపుగా మెయిన్ రోడ్డు ఎక్కాడని ఊళ్ళోవాళ్ళు కర్రలతో వచ్చి, పెళ్ళివారిని ఇళ్ళలోకి తరిమి మరీ కొట్టారు. ఆమె 'పెళ్ళి ఊరేగింపుపై దాడి' అని హెడ్డింగు పెట్టింది. డెస్కు ఇన్‌చార్జి హేమసుందర్ అది కొట్టేసి 'ఇరువర్గాల ఘర్షణ' అని రాశాడు.

"ఇరువర్గాలేంటండీ? ఒకళ్ళు కొట్టారు, ఒకళ్ళు తిన్నారు" అంది దీవెన.

"అది మన పద్ధతమ్మా. కులాల పేర్లు రాస్తే ఊళ్ళు తగలబడిపోతాయి."

"రాయకపోయినా తగలబడుతూనే ఉన్నాయి కదండీ. మా వైపు."

హేమసుందర్ చెడ్డవాడు కాదు. ఆ మాటకు నొచ్చుకున్నాడు కూడా. నొచ్చుకుంటూనే పేజీ ప్రింటుకు పంపేశాడు.

ఈ 'ఇరువర్గాలు' అనే మాటను మొదట ఎవరు కనిపెట్టారో గాని వాళ్ళకు చేతులెత్తి దణ్ణం పెట్టాలి. అంత హాయిగా నేరాన్ని మింగేసే మాట తెలుగులో ఇంకోటి లేదు. కొట్టినవాడికి పేరుండదు, దెబ్బ తిన్నవాడికి పేరుండదు, ఎందుకు కొట్టారో అసలే ఉండదు. చదివినవాడికి ఎవరో ఇద్దరు సమానంగా కొట్టుకున్నారనిపిస్తుంది, వాడు పేజీ తిప్పేస్తాడు. దీవెన ఆ డెస్కులో నాలుగేళ్ళు ఉంది. నాలుగేళ్ళూ అలాంటి వార్తలు కత్తిరించి ఒక ఫైల్లో పెట్టుకుంది. ఫైలు లావెక్కేకొద్దీ ఆమె మాట పదునెక్కింది. చివరికి ఒకరోజు మీటింగులో ఎడిటరు ముందే ఆ ఫైలు తీసి వరసగా చదవడం మొదలుపెట్టింది. ఆ నెలాఖరుకు ఉద్యోగం లేదు. ఫైలు మాత్రం ఉంది, దానితోనే జిరాక్స్ షాపు పైన గది అద్దెకు తీసుకుంది.

అప్పటికి ఫోన్లు వచ్చేశాయి. పేపర్లో దాచిన మాటలన్నీ ఫోన్లో బూతులై బయటపడ్డాయి. పేట పిల్లలు పుట్టినరోజు ఫోటో పెట్టుకున్నా కింద కులం పేరు పెట్టి తిట్లు. పరీక్షలో ర్యాంకు వచ్చిన అమ్మాయి ఫోటో కింద నలభై తిట్లు. దీవెన అవన్నీ పోగేసి, ఆ ఫోటోలూ వీడియోలూ పెట్టుకునే వేదిక నడిపే పెద్ద కంపెనీకి రాసింది. ఇంగ్లీషులో తిడితే వెంటనే తీసేస్తారు, తెలుగులో తిడితే మీ మెషీనుకు చెముడు, ఇదెక్కడి న్యాయం అని రాసింది. రెండేళ్ళు రాసింది. చివరికి వాళ్ళు దిగొచ్చి, బెంజిసర్కిల్ దగ్గర ఒక హోటల్లో మీటింగు పెట్టి, తెలుగులో కులం తిట్ల జాబితా తయారుచేసి ఇమ్మని ఆమెనే అడిగారు.

ఆ జాబితా రాయడానికి ఆమెకు మూడు రోజులు పట్టింది. తెలియక కాదు, ప్రతి మాటా ఎక్కడ విన్నదో గుర్తొచ్చి పెన్ను ఆగిపోయేది. ఒకటి, రెండో తరగతిలో పంతులు నోట విన్నది. ఒకటి పంపు దగ్గర, బిందె ముందు పెట్టిందని. ఒకటి హాస్టల్లో. ఒకటి ఈ విజయవాడలోనే, ఇంటిపేరు అడిగి, తర్వాత చర్చికి వెళతారా అని అడిగి, గది ఖాళీ లేదన్న ఇంటావిడ తలుపేసుకున్నాక లోపల మొగుడితో అన్నది. మొత్తం అరవై ఒక్క మాటలు. కాగితం కంపెనీవాళ్ళ చేతికిస్తూ ఆమె ఒక్కటే షరతు పెట్టింది. "ఇవి కనిపించిన నిమిషంలో తీసెయ్యాలి. ఎవరన్నారు, ఎందుకన్నారు అని నానబెట్టొద్దు. ఒక్క నిమిషం కూడా నా పిల్లల కళ్ళబడకూడదు."

సరేనన్నారు. శాలువా కప్పి ఫోటో తీశారు. మరుసటి ఏడాది కంపెనీ రిపోర్టులో తెలుగు తిట్లు ఎన్ని తీసేశారో లెక్క వచ్చింది, పెద్ద లెక్కే. దీవెన ఆ కాగితాన్ని ఆఫీసు గోడకు అంటించింది. బతుకులో ఒక్కటైనా గెలిచానని తల్లికి ఫోన్ చేసి చెప్పింది.

చల్లపల్లికి అవతల కొత్తగుంటపాలెం అని ఒక ఊరుంది. అక్కడ పంచాయతీ చెరువుకు ఏటా వేలంపాట పెడతారు, పాడుకున్నవాళ్ళు చేపలు పెంచుకుంటారు. ఏటా పాడుకునేది రాంబాబు అనే ఆసామి. అతని మీద ఎవరూ పాడరు, అది ఊరి అలవాటు. ఒక ఏడు పేట ఆడవాళ్ళ సంఘం పాడింది. సంఘానికి లీడరు గంగారత్నం, యాభై దాటిన మనిషి, ఆ చెరువులోనే ముప్పై ఏళ్ళు కూలికి వల లాగింది. పాట ఆమెకే వచ్చింది. పిల్ల చేపలు వదిలారు, మేత వేశారు, కాపలా కాశారు. చేపల పట్టుబడి రోజు ఉదయం వలలు దింపుతుండగా రాంబాబు మనుషుల్ని వేసుకుని వచ్చాడు. వలలు కోసేశారు. అడ్డం వెళ్ళిన నలుగురు ఆడవాళ్ళను కొట్టారు. గంగారత్నాన్ని జుట్టు పట్టుకుని గట్టు మీద నుంచి బురదలోకి లాగారు, చెయ్యి విరిగింది. లాగుతున్నంతసేపూ వాళ్ళ నోళ్ళు ఊరుకోలేదు.

గంగారత్నం కూతురు మనోజ్ఞ డిగ్రీ రెండో సంవత్సరం. భయపడుతూనే ఫోన్ తీసి ఆ కంపెనీ వేదికలోనే లైవ్ పెట్టింది. పదకొండు నిమిషాలు మొత్తం వచ్చింది, మొహాలు, కర్రలు, మాటలు అన్నీ. పన్నెండో నిమిషంలో ఎవడో చూసి ఫోన్ లాక్కుని చెరువులోకి విసిరేశాడు. అయినా వీడియో లోకంలోకి వెళ్ళిపోయింది కదా అని ఆ పిల్ల ధైర్యం చెప్పుకుంది. మధ్యాహ్నం పక్కింటి ఫోన్లో చూస్తే వీడియో లేదు, అకౌంటే లేదు. 'ద్వేషపూరితమైన భాష ఉన్నందున తొలగించాం' అని ఒక ముక్క ఉంది, అంతే.

మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో చిన్న వార్త. 'చేపల చెరువు వద్ద ఇరువర్గాల ఘర్షణ. నలుగురికి గాయాలు.' ఆ నలుగురూ ఏ వర్గమో రాయలేదు.

వారం తిరక్కుండా తల్లీకూతుళ్ళు దీవెన ఆఫీసు మెట్లెక్కారు. గంగారత్నం కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దీవెన కంప్లయింటు కాపీ అడిగి చదివింది. కొట్టారు అని ఉంది, వలలు కోశారు అని ఉంది, 'అసభ్యంగా దూషించారు' అని ఉంది. కులం పేరెత్తి ఏమన్నారో ఒక్క ముక్క లేదు. అది లేకపోతే అట్రాసిటీ కేసు నిలబడదు, మామూలు కొట్లాట కింద పోతుంది. పైగా రాంబాబు కూడా ఎదురు కేసు పెట్టాడు.

"ఏమన్నారో ఎందుకు చెప్పలేదండీ?"

"ఎస్సై గారు అడిగారమ్మా. నా నోటితో ఎట్టా చెప్పమంటారు? మా ఇంట్లో ఆ మాట నేను గడప దాటి రానియ్యలా. పిల్లలు బయట విని వచ్చి అడిగినా నోరు మూయించా. ఇప్పుడు స్టేషన్లో అంతమంది మగాళ్ళ ముందు నేనే అనాల్నా?"

"మిగతావాళ్ళు?"

"లీడరే చెప్పనిది మేం చెబుతామా అన్నారు. పిల్లను చెప్పొద్దని నేనే అన్నా. వీడియోలో వాళ్ళ నోటితో వాళ్ళే అన్నారు గదమ్మా, అది చూపిత్తే సరిపోద్ది అనుకున్నా."

దీవెన అప్పటికప్పుడు హైదరాబాదులో కంపెనీ విధానాల ఆఫీసరు సుధామణికి ఫోన్ చేసింది. జాబితా రోజుల నుంచీ పరిచయం. సుధామణి వివరాలు చూసి అయిదు నిమిషాల్లో తిరిగి చేసింది.

"అది ఆటోమేటిగ్గా పోయింది దీవెన గారూ. మీ లిస్టులో నాలుగో మాట, పదిహేడో మాట, ముప్పయ్యో మాట, మూడూ ఉన్నాయి. మీ లిస్టు చాలా బాగా పనిచేస్తోందండీ."

నాలుగు, పదిహేడు, ముప్పై అని కాగితం మీద రాసుకుంది దీవెన. తన ఇన్నేళ్ళ కోపమంతా పోసి తయారుచేసిన జాబితా, గంగారత్నం జుట్టు పట్టుకున్న వాళ్ళను కాపాడింది. ఎవరన్నారని చూడొద్దని చెప్పింది తనే. ఎందుకన్నారని ఆలోచించొద్దని చెప్పింది తనే. ఆ మెషీను చెప్పినట్టు చేసింది, పాపం. హేమసుందర్ పెన్నుతో చేసిన పనే ఇది, ఇంకాస్త వేగంగా జరిగింది. తన మీద తనకు ఎంత అసహ్యం వేసిందంటే, ఎదురుగా కూర్చున్న తల్లీకూతుళ్ళ మొహం చూడలేక గోడ వైపు తిరిగింది. గోడ మీద ఆ రిపోర్టు కాగితం ఉంది. చింపి చెత్తబుట్టలో వేసింది.

"తీసేసినవి ఎన్నాళ్ళుంచుతారు మీ దగ్గర?" అని అడిగింది.

"తొంభై రోజులండీ. తర్వాత పూర్తిగా పోతాయి. ఆపాలంటే పోలీసుల నుంచి లెటర్ రావాలి. లేదా అది దాడి అని నమ్మకమైన వార్తాసంస్థ ఏదైనా రాసుంటే రివ్యూకి పెట్టొచ్చు."

అక్కడి నుంచి ఆ గడువు తీరేదాకా దీవెన తిరగని గడప లేదు. ఎస్సై దగ్గరకు వెళితే "వీడియో కోసం కంపెనీకి రాయాల్సినంత కేసు కాదమ్మా ఇది. రెండు వర్గాలూ కొట్టుకున్నాయి. పేపర్లో కూడా అదే పడింది కదా" అన్నాడు. పేపరాఫీసుకు వెళ్ళింది. హేమసుందర్ ఇప్పుడు ఎడిషన్ ఇన్‌చార్జి, ఏసీ గది. కాఫీ తెప్పించాడు. "పోలీసులే ఇరువర్గాలని కేసు కట్టారు, నేను దాడి అని ఎలా రాస్తాను దీవెనా? కావాలంటే ఒక వర్గం ఆరోపణ అని లోపలి పేజీలో చిన్నది వేద్దాం" అన్నాడు. కంపెనీకి మళ్ళీ ఫోన్ చేస్తే "పోలీసులూ పేపరూ ఇద్దరూ ఘర్షణే అంటున్నారు కదండీ, మేమెలా కాదనగలం?" అంది సుధామణి.

పోలీసులు పేపర్ని చూపించారు, పేపరు పోలీసుల్ని చూపించింది, కంపెనీ ఇద్దర్నీ చూపించింది. మధ్యలో ఒక ఆడమనిషి విరిగిన చేత్తో బస్సులెక్కుతూ తిరుగుతోంది. ముగ్గురూ మర్యాదస్తులే, ముగ్గురూ మెత్తగానే మాట్లాడారు, ఒక్కరు కూడా ఒక్క కాగితం మీద ఒక్క సంతకం పెట్టలేదు. దీవెన మళ్ళీ హేమసుందర్ గదికి వెళ్ళి, కాఫీ ముట్టుకోకుండా లేచి, "కొట్టినవాడికి ఇన్ని వైపుల నుంచి సాక్ష్యం ఎక్కడా దొరకదండీ, మీరంతా కలిసి ఇచ్చారు" అని చెప్పి వచ్చేసింది.

కలెక్టరు ఆఫీసులో సోమవారం అర్జీల రోజున క్యూలో నిలబడింది. ఎస్సీ కమిషన్‌కు రాసింది. చివరికి డీఎస్పీ కదిలాడు. ఎనభై ఆరో రోజున లెటరు మీద సంతకం చేశాడు. ఆ లెటరు పద్ధతి ప్రకారం పై ఆఫీసుకు, అక్కడి నుంచి ఇంకో ఆఫీసుకు పోయి, కంపెనీకి చేరేసరికి తొంభై మూడో రోజు. 'మీరు కోరిన సమాచారం మా విధానం ప్రకారం శాశ్వతంగా తొలగించబడింది' అని జవాబు వచ్చింది. దీవెన ఆ జవాబు చదివి ఆఫీసు తలుపు వేసుకుని బిగ్గరగా ఏడ్చింది. ఏడుపులో బాధ తక్కువ, ఎవర్నీ ఏమీ చెయ్యలేని కసి ఎక్కువ. కళ్ళు తుడుచుకుని అదే రోజు కంపెనీకి రాసింది. తిట్టినవాడిదీ తిట్టు పడినవాళ్ళదీ ఒకే గంపలో పారేసే ఈ పద్ధతి మార్చండి, తెలుగు తెలిసిన మనిషి చూడకుండా ఒక్క వీడియో తియ్యొద్దు, తీసినా కేసు తేలేదాకా దాచి ఉంచండి, మొదట ఆ షరతు పెట్టిన తప్పు నాదే అని రాసింది. 'మీ సూచన మాకు ఎంతో విలువైనది' అని సాయంత్రానికల్లా మెషీనే జవాబిచ్చింది.

డీఎస్పీ ఫోన్లో ఖచ్చితంగా చెప్పాడు. "వీడియో లేదు కాబట్టి ఆమె నోటి మాటే ఆధారం. గురువారం స్టేట్‌మెంటు మళ్ళీ తీసుకుంటాను. ఎవరు ఏ మాట అన్నారో ఉన్నదున్నట్టు చెప్పాలి. చెప్పకపోతే అట్రాసిటీ సెక్షన్ లేకుండా మామూలు కేసుగా క్లోజ్ చేస్తాను."

బుధవారం దీవెన కొత్తగుంటపాలెం వెళ్ళింది. గంగారత్నం వాకిట్లో కూర్చుని ఒంటిచేత్తో వల కుడుతోంది, పళ్ళతో దారం పట్టుకుని. దీవెన కింద కూర్చుని ఏదీ దాచకుండా చెప్పింది. జాబితా సంగతి, షరతు సంగతి, వీడియో పోయింది తన వల్లేనన్న సంగతి.

గంగారత్నం వల పక్కన పడేసింది.

"అరవై ఒక్కటి రాశావా? నీ చేత్తో?"

"రాశాను పిన్నీ."

"రాసి ఎవరికిచ్చావు? దాచిపెట్టమని ఇచ్చావు. నేను మొహం చెల్లక దాచిపెట్టా. నువ్వు చదువుకున్నదానివి, నువ్వూ దాచిపెట్టావు. ఇంక వాళ్ళకు భయమేముంది? అనొచ్చు, పోవచ్చు." గొంతు పైకి లేచింది. "మూడు నెలల నుంచీ నిద్దర పట్టటంలా నాకు. వాళ్ళు హాయిగా చెరువు గట్టు మీద పేకాడుతున్నారు. చూశావా వచ్చేటప్పుడు?"

చూసింది దీవెన. రాంబాబు కూడా ఉన్నాడు.

"రేపు చెప్పాలి పిన్నీ. చెప్పకపోతే కేసు పోతుంది. చెప్పమని నిన్ను అడగడానికి నాకు నోరు లేదు, అయినా అడుగుతున్నాను."

"అననమ్మా" అంది గంగారత్నం మొహం తిప్పుకుని. "నా వల్ల కాదు. పో."

దీవెన లాస్టు బస్సుకు విజయవాడ వచ్చేసింది.

గురువారం పదింటికి డీఎస్పీ ఆఫీసు ముందు నిలబడి ఉంటే ఆటో దిగింది గంగారత్నం, వెనక మనోజ్ఞ. ఉతికిన చీర, తలకు నూనె. దీవెనను పలకరించలేదు. తిన్నగా లోపలికి పోయి డీఎస్పీ టేబుల్ ముందు నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు. మూలన కంప్యూటర్ ముందు స్టేట్‌మెంట్లు టైపు చేసే రైటర్ ఉన్నాడు, పాతికేళ్ళ కానిస్టేబుల్. కూతుర్ని బయటికి పంపించమంటారా అని డీఎస్పీ అడిగాడు.

"ఉండనివ్వండి. దాన్నీ అన్నారు" అంది గంగారత్నం.

చెప్పడం మొదలుపెట్టింది. రాంబాబు మొదట కులం పేరు పెట్టి పిలిచాడు, ఆ పేరును పేరులాగే చెప్పింది, దాని వెనక అతను తగిలించింది కూడా చెప్పింది. "చచ్చిన గొడ్డును పీక్కుతినే ముండల్లారా, మా చెరువులో చేపలు కావాల్సొచ్చాయా మీకు అన్నాడండి. జుట్టు పట్టుకున్నది అతని తమ్ముడు. వాడేమన్నాడంటే..." అక్కడా ఆగలేదు. తల్లి మీద అన్నది, కూతురి మీద అన్నది, బురదలో పడ్డాక మొహం మీద కాలు పెట్టి అన్నది, ఒక్కొక్కటీ ఎవడన్నాడో పేరుతో సహా. చర్చిలో ఇశ్రాయేలు బైబిలు చదివినట్టు గట్టిగా, ఒక్క అక్షరం మింగకుండా చెబుతోంటే దీవెన గోడకు ఆనుకుని అంతా విన్నది. డీఎస్పీ కళ్ళు దించుకుని పేపర్ వెయిటు తిప్పుతున్నాడు. రెండుసార్లు "చాలమ్మా, అర్థమైంది" అన్నాడు.

"చాలదండి. ఇంకా ఉన్నాయి."

అప్పటికి గదిలో కీబోర్డు చప్పుడు ఆగిపోయి చాలాసేపయింది. రైటర్ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని తెర వైపు చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. గంగారత్నం అతని వైపు తిరిగింది.

"ఆగావేం నాయనా? అనడానికి వాళ్ళు సిగ్గుపడలా. ఆ మాటలు పడటం నాకు తప్పలా. రాయడానికి నీకేంటంట? మొదటి నుంచి చెబుతా, రాయి."

రైటర్ డీఎస్పీ మొహం చూశాడు. డీఎస్పీ తల ఊపాడు. గంగారత్నం మళ్ళీ మొదటి మాట నుంచి చెప్పింది, అతను ఒక్కొక్క మాటా టైపు చేశాడు.